1974 నాటి కథలో 1975 నాటి పాట: దీన్ని ఏ గడిలో రాయాలి?

ప్రశ్న (తిరుపతి, బాలాజీ కాలనీ నుంచి)

అందరికీ నమస్కారం. తిరుపతిలో మేము ఏడెనిమిది మందిమి నెలకు రెండు ఆదివారాలు ఎవరో ఒకరి ఇంట్లో కూడి, ‘ది సింప్సన్స్’ అనే అమెరికన్ కార్టూన్ ధారావాహికలోని ఒక్కొక్క ఎపిసోడ్‌ను రెండుసార్లు చూస్తుంటాము. మొదటిసారి నవ్వుకోవడానికి, రెండోసారి ఆపి ఆపి చూస్తూ నోటు పుస్తకంలో రాసుకోవడానికి. పుస్తకంలో మేము గీసుకున్న గడులు రెండే. మొదటి గడిలో ఆ ఎపిసోడ్‌లో తగిలే సినిమాల, పాటల, టీవీ కార్యక్రమాల ప్రస్తావనలు రాస్తాము. రెండో గడిలో తప్పులు, అంటే సినిమా వాళ్లు కంటిన్యుటీ అని పిలిచేది, ఒకచోట చూపినది మరొకచోట చూపినదానితో పొసగడం, ఎక్కడెక్కడ తెగిందో ఆ వివరాలు రాస్తాము. ఇన్నాళ్లూ ఈ రెండు గడులతో పని సాఫీగానే సాగింది. పోయిన ఆదివారం చూసిన ఎపిసోడ్ దగ్గర మాత్రం మాటామాటా పెరిగి కాఫీలు చల్లారిపోయే దాకా వచ్చింది కనుక ఇక్కడ అడుగుతున్నాను.

ఆ ఎపిసోడ్ పేరు ‘ది వే వుయ్ వజ్’. రెండో సీజన్‌లోనిది, 1991 జనవరి 31న అమెరికాలో ప్రసారమైంది. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఇంట్లో టీవీ చెడిపోతుంది. పొద్దుపోని పిల్లలకు తల్లి మార్జ్, తాను హోమర్‌ను ఎలా కలుసుకున్నదో చెప్పడం మొదలుపెడుతుంది. అది 1974. ఇద్దరూ హైస్కూలు చివరి సంవత్సరంలో ఉంటారు. స్త్రీల హక్కుల కోసం నిరసన తెలిపినందుకు ఆమెకు, సిగరెట్టు కాల్చినందుకు అతనికి, బడి విడిచాక కూర్చోబెట్టే శిక్ష పడుతుంది. అక్కడ ఆమెను చూసి మనసు పారేసుకున్న హోమర్, ఫ్రెంచి నేర్పమని ఆమె దగ్గర చేరతాడు. అతడు అసలు ఫ్రెంచి తరగతిలోనే లేడని తెలిసి ఆమె మండిపడి, ఆర్టీ జిఫ్ అనే తెలివిగల కుర్రవాడితో బడి వీడ్కోలు నృత్యానికి వెళ్తుంది. ఆర్టీ హద్దు మీరడంతో అతణ్ణి వదిలిపెట్టి, రోడ్డు వెంట ఒంటరిగా నడిచిపోతున్న హోమర్‌ను కారులో ఎక్కించుకుంటుంది.

మా బృందంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఒకరున్నారు. పేరులోనే వ్యాకరణం తప్పిందని, అదే మొదటి తప్పుగా వేయమని ఆయన పట్టుబట్టారు. 1973లో బార్బ్రా స్ట్రైసాండ్, రాబర్ట్ రెడ్‌ఫర్డ్ నటించిన ‘ది వే వుయ్ వర్’ అనే ప్రేమకథా చిత్రం పేరును కావాలనే చెడగొట్టి ఇలా పెట్టారని తెలిశాక, ఆ పంక్తిని ఆయనే కొట్టేసి, మొదటి గడిలోకి ఎక్కించారు. పేరడీ అన్న మాట మనకేమీ కొత్తది కాదు, జరుక్ శాస్త్రి గారి కాలం నుంచి ఉన్నదే. పేరడీకి, తప్పుకు మధ్య గీత ఎంత సన్ననిదో మాత్రం ఆ రోజే తెలిసింది.

ఇక అసలు చిక్కు. ఆ 1974 నాటి కథలో వినిపించే పాటల్లో వాన్ మెకాయ్ చేసిన ‘ది హజిల్’ ఒకటి. అది 1975లో వచ్చిన పాట. ఇది కచ్చితంగా తప్పేనని సగం మంది అన్నారు. కథ చెబుతున్నది తల్లి, ఆమె జ్ఞాపకంలో ఒక యేడు అటూ ఇటూ కావచ్చు, కనుక దీన్ని తప్పుగా లెక్క వేయకూడదని మిగతావారు అన్నారు. రెండో సంగతి, హోమర్ స్నేహితుడు బార్నీ జుట్టు మొదటి సీజన్‌లో ఒంటి రంగులోనే పసుపుగా ఉండేది, ఇక్కడ గోధుమరంగులో ఉంది. మూడోది అన్నిటికంటె పెద్దది. 2008లో వచ్చిన ‘దట్ నైంటీస్ షో’ అనే ఎపిసోడ్‌లో ఇదే జంట 1990ల్లో పెళ్లి కాకుండా ప్రేమించుకుంటున్నట్లు చూపించారు. అప్పుడు 1974 కథ మొత్తం తప్పయిపోయినట్లేనా? అలాగైతే ఆ తప్పు రాయవలసింది 1991 ఎపిసోడ్ పేజీలోనా, 2008 ఎపిసోడ్ పేజీలోనా? తెలిసినవారు కారణాలతో సహా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి జవాబు (చిత్తూరు నుంచి)

అయ్యా, నేను ముప్పై యేళ్లుగా పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. పాటల సంగతి వరకే మాట్లాడతాను, మిగతాది నాకు అంతగా పట్టదు.

ముందు తేదీలు చూద్దాం. హోమర్ కారులో పాడుకుంటూ వెళ్లే ‘ది జోకర్’ స్టీవ్ మిల్లర్ బృందానిది. 1973 చివర వచ్చి, 1974 జనవరిలో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ఆ యేటి హైస్కూలు కుర్రవాడి నోట ఇంతకంటె సరిగ్గా అమరే పాట ఉండదు. ఎల్టన్ జాన్ ‘గుడ్‌బై యెల్లో బ్రిక్ రోడ్’ 1973ది, అదీ సరిపోయింది. హోమర్ మార్జ్‌ను తొలిసారి చూసినప్పుడు వినిపించే ‘క్లోజ్ టు యూ’ కార్పెంటర్స్ పాడినది, 1970 నాటిది. పాత పాట కదా అని మీలో ఎవరైనా దాన్ని కూడా తప్పుల గడిలో వేసి ఉంటే దయచేసి కొట్టేయండి. పాట కథ కంటె పాతదైతే ఏ ఇబ్బందీ లేదు, పాత పాటలు అందరమూ వింటూనే ఉంటాము. కథ కంటె కొత్తదైతేనే గొడవ.

‘ది హజిల్’ 1975 వసంతంలో విడుదలై ఆ యేడు జూలైలో అమెరికాలో మొదటి స్థానం అందుకుంది. ఇది డిస్కో ఊపందుకుంటున్న రోజులనాటి వాయిద్య గీతం, మాటలు దాదాపుగా లేనట్టే. మీరు ఈ ఒక్కదాన్నే పట్టుకున్నారు. ఇదే కథలో ‘పిక్ అప్ ది పీసెస్’ అనేది కూడా వినిపిస్తుంది. స్కాట్లాండు నుంచి వచ్చిన యావరేజ్ వైట్ బ్యాండ్ వారిది. ఇది 1974దే కనుక మీ కళ్లు కప్పి తప్పించుకుంది. అయితే అది వచ్చింది ఆ యేడు ద్వితీయార్ధంలో, అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది 1975 ఫిబ్రవరిలో. అక్కడి బడులు మే, జూన్ నెలల్లో ముగుస్తాయి. వీడ్కోలు నృత్యం అంతకుముందే జరిగిపోతుంది. కాబట్టి సంవత్సరం సరిపోయినా నెలలు సరిపోవు. దీన్ని కూడా చేర్చుకోండి.

జ్ఞాపకం అన్న సాకు నాకు నచ్చలేదు. తల్లి పిల్లలకు మాటలతో కథ చెబుతున్నది, పాట వాయించి వినిపించడం లేదు. పాటను ఎంచి అక్కడ పెట్టింది ఎపిసోడ్ తీసినవారు, వినేది మనము. అందులోనూ రెండు రకాలున్నాయి. హోమర్ కారు రేడియోతో గొంతు కలిపిన పాట కథ లోపల ఉన్న పాట. మార్జ్‌ను చూసినప్పుడు వినబడే ‘క్లోజ్ టు యూ’ ఆ గదిలో ఎవరూ పెట్టినది కాదు, అతని గుండెలో మోగినది. అటువంటిది ఏ సంవత్సరానిదైనా చెల్లుతుంది. పాత్రలు వినే పాటకు, ఆడే పాటకు మాత్రం తేదీ ఉండి తీరాలి. 1974లో తిరుపతిలో జరిగిన కాలేజీ వీడ్కోలు సభ అని చెప్పి, 1975లో విడుదలైన ‘ముత్యాల ముగ్గు’లోని పాట మైకులో వినిపిస్తే మీ మాస్టారు ఊరుకుంటారా?

రెండో జవాబు (శ్రీకాళహస్తి నుంచి)

బార్నీ జుట్టు గురించి రాస్తాను. మాది కలంకారీ కుటుంబం కావడం వల్ల రంగు మారితే నా చూపు ముందు అక్కడికే పోతుంది.

మా పనిలో వెదురు కలంతో, బెల్లమూ ఇనుమూ నానబెట్టి తీసిన కసిమితో గీతలు గీసేది ఒకరైతే, రంగులు నింపే చేతులు వేరుగా ఉంటాయి. ఏ దేవుడికి ఏ రంగు అన్నది ముందే స్థిరపడి ఉంటుంది. నీలం ఒళ్లు కనబడగానే రాముడో కృష్ణుడో అని గుడ్డ ముందు నిలబడినవాడు గుర్తుపడతాడు. ఆ కట్టు ఒకచోట తప్పితే గుడ్డ పారేయలేము కదా, పని ముందుకే సాగుతుంది. 1990 ప్రాంతంలో కార్టూన్ పని కూడా ఇటువంటిదే. పారదర్శకమైన ప్లాస్టిక్ రేకుల మీద బొమ్మ వేసి, వెనకవైపు చేత్తో రంగు పూసేవారు. ఈ ధారావాహిక తొలి సీజన్లలో మూలచిత్రాలు, అమరిక లాస్ ఏంజెలెస్‌లోని క్లాస్కీ చూపో సంస్థలో జరిగితే, మూలచిత్రాల మధ్య కదలికను నింపే బొమ్మలు, రంగుల పని దక్షిణ కొరియాలో జరిగేది. రెండు దేశాల మధ్య ప్రయాణించే బొమ్మలో ఒక రంగు తప్పడం వింత కాదు, తప్పకపోవడమే వింత.

నిజమైన రంగు తప్పు చూడాలంటే స్మిథర్స్‌ను చూడండి. అణువిద్యుత్ కేంద్రం యజమాని బర్న్స్‌కు కుడిభుజం అతడు. 1990 జనవరి 21న వచ్చిన ‘హోమర్స్ ఒడిస్సీ’లో నల్లజాతివాడిగా, నీలపు జుట్టుతో కనబడి, మరుసటి వారం నుంచి పసుపురంగులోకి మారిపోయాడు. అది రంగులు నిర్ణయించే దశలో జరిగిన పొరపాటని తీసినవారే చెప్పారు. దాన్ని మీరు ధైర్యంగా తప్పుల గడిలో వేయవచ్చు. బార్నీ జుట్టు అటువంటిది కాదు. ఒంటి రంగూ జుట్టు రంగూ ఒక్కటిగా ఉండడం సింప్సన్ ఇంటి పిల్లలకే ప్రత్యేకంగా ఉండాలని సృష్టికర్త మ్యాట్ గ్రేనింగ్ భావించడం వల్ల బార్నీ జుట్టు మార్చారు. ఒకసారి మార్చాక మళ్లీ వెనక్కి పోలేదు. అది తప్పు దిద్దుబాటు కూడా కాదు, పాత్రకు ముస్తాబు. హోమర్ యవ్వనంలో ఉన్నప్పుడు బార్నీ జుట్టు ఏ రంగు, మొదటి సీజన్‌లో ఏ రంగు అని పోల్చి లాభం లేదు.

ఇంకొక మాట. మీరు ఏ ప్రతిని చూసి నోట్సు రాస్తున్నారో చెప్పలేదు. 2009 ఫిబ్రవరి దాకా ఈ ధారావాహికను పాత టీవీ కొలతకు, అంటే నాలుగుకు మూడు నిష్పత్తిలో తీశారు. 2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు వాటిని వెడల్పు తెరకు సరిపెట్టడానికి పైనా కిందా కత్తిరించి పెట్టారు. అభిమానులు గగ్గోలు పెట్టడంతో 2020 మేలో పాత కొలతలో చూసే ఏర్పాటు కూడా కల్పించారు. ఈ కత్తిరింపుకు బలైన చమత్కారం ఒకటి బాగా పేరుపడింది. 1993 నాటి ‘డఫ్‌లెస్’ ఎపిసోడ్‌లో బీరు తయారుచేసే చోట డఫ్, డఫ్ లైట్, డఫ్ డ్రై అని మూడు తొట్లు వరుసగా ఉంటాయి. ఆ మూడింటికీ సరుకు పైనున్న ఒకే గొట్టంలోంచి వస్తుంటుంది. కత్తిరించిన ప్రతిలో గొట్టం పోయి తొట్లు మాత్రం మిగిలాయి, హాస్యం ఆవిరైపోయింది. వెడల్పు ప్రతిని చూసి ‘ఇక్కడ ఏదో అతకలేదు’ అని రాసుకుంటే ఆ తప్పు ఎవరి ఖాతాలో వేస్తారు? ముందు మీ తెర కొలత చూసుకోండి.

అడిగినవారు

రెండో జవాబు రాసిన వారికి ధన్యవాదాలు. మేము చూసింది పాత కొలత ప్రతినే, ఒక సభ్యుడి దగ్గర ఉన్న డీవీడీ. అయితే అంతకుముందు చూసిన నాలుగు ఎపిసోడ్లు ఏ కొలతలో చూశామో ఎవరికీ గుర్తు లేదు. వాటి పేజీలు మళ్లీ తిరగేయవలసిందే.

మూడో జవాబు (పలమనేరు నుంచి)

చిత్తూరు వారి సంగీత పరిజ్ఞానానికి నమస్కరిస్తూనే, వారి తీర్పుతో విభేదిస్తున్నాను.

మన జిల్లాలో ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో భారతం జరపడం మీరందరూ చూసే ఉంటారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, పద్దెనిమిది రోజుల పాటు. నేను చిన్నప్పటి నుంచి వాటిని వదలకుండా చూస్తున్నాను. రాత్రి రెండు గంటలకు హాస్యగాడు బయటికొచ్చి, పాండవుల వనవాసం మధ్యలో టమాటా ధర గురించి, సర్పంచి ఎన్నిక గురించి, ఆర్టీసీ బస్సు రాకపోవడం గురించి మాట్లాడతాడు. ద్వాపరయుగంలో టమాటా ఎక్కడిదని ఇంతవరకు ఎవరూ లేచి అడగలేదు. ఆ మాటలు ద్వాపరయుగానికి సంబంధించినవి కావని, ఎదుట చాప పరుచుకొని కూర్చున్నవాళ్లకు సంబంధించినవని అందరికీ తెలుసు. అదే రాత్రి భీష్ముడు ఒక వావి తప్పు చెప్పినా, ద్రౌపది ఒక మాట అటూ ఇటూ చేసినా, ముందు వరుసలోని ముసలివాళ్లు పెద్దగా అరిచి దిద్దుతారు. ప్రేక్షకుడు దేన్ని వదిలేయాలో, దేన్ని పట్టుకోవాలో తనకు తానే వేరు చేసుకుంటాడు.

1991లో ఆ ఎపిసోడ్ చూసినవారిలో హోమర్ ఈడువారు లక్షల్లో ఉండి ఉంటారు. వారికి ‘ది హజిల్’ వినబడగానే ‘మా బడి రోజులు’ అనిపించి ఉంటుంది. వారిలో ఎంతమంది వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టి ఉంటారు? ఒక కాలాన్ని గుర్తు చేయడానికి పెట్టిన పాట అది. ఆ పని అది చేసింది. ఇది హాస్యగాడి మాట వంటిది, కనుక ప్రస్తావనల గడిలోనే ఉండాలి.

‘క్లోజ్ టు యూ’ విషయం చూడండి. అది 2007లో వచ్చిన సింప్సన్స్ పూర్తినిడివి సినిమాలో మళ్లీ వస్తుంది. ఇంట్లో దాచుకున్న పెళ్లి వీడియో మీద మార్జ్ తన వీడ్కోలు మాటలు రికార్డు చేసి హోమర్‌కు వదిలి వెళ్లే ఘట్టంలో అది వినబడినప్పుడు, పదహారేళ్ల కిందటి ఆ శిక్షగది గుర్తు రాకపోతే ఆ దృశ్యం సగమే అర్థమైనట్లు. ఇటువంటి ముడిని ఏ గడిలో రాస్తారు? బయటి పాట కనుక అది ప్రస్తావన, సొంత కథకు అల్లుకున్నది కనుక కంటిన్యుటీ. తెగిన చోట్లు రాసుకోవడానికి గడి పెట్టుకున్నారు గానీ, అతికిన చోట్లకు మీ పుస్తకంలో చోటే లేదు.

మొదటి జవాబు రాసినవారు

పలమనేరు వారూ, మీ హాస్యగాడు టమాటా అన్నప్పుడు అది ఇప్పటి మాటని అతనికీ తెలుసు, మీకూ తెలుసు. అందుకే నవ్వొస్తుంది. ‘ది హజిల్’ను 1974లో పెట్టినవారు దాన్ని చూసి మనల్ని నవ్వమని పెట్టలేదు, నమ్మమని పెట్టారు. నవ్వించడానికి చేసింది వేరు, నమ్మించబోయి జారింది వేరు. జారినదాన్ని జారిందనే రాయాలి. ‘క్లోజ్ టు యూ’ గురించి మీరు రాసింది మాత్రం నేను ఎన్నడూ అంత దూరం ఆలోచించలేదు.

నాలుగో జవాబు (చంద్రగిరి నుంచి)

నేను లెక్కల మనిషిని. మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు గనుక దాని దగ్గరికి వస్తున్నాను.

ఈ కుటుంబంలో బార్ట్‌కు పదేళ్లు, లీసాకు ఎనిమిది, పసిపిల్ల మ్యాగీకి ఒకటి. ఇవి మారవు. ఈ మూడు అంకెలు దగ్గర పెట్టుకొని తొలినాళ్ల గతకాలపు కథలను వరుసగా చూడండి. ‘ది వే వుయ్ వజ్’ 1991 మొదట్లో ప్రసారమైంది, కథ 1974. హోమర్‌కు అప్పుడు పద్దెనిమిది అనుకుంటే ప్రసారం నాటికి ముప్పై అయిదు, ఇల్లూ ముగ్గురు పిల్లలూ ఉన్న మనిషికి తగిన వయసే. అదే సంవత్సరం డిసెంబరు 26న ‘ఐ మ్యారీడ్ మార్జ్’ వచ్చింది. అందులో 1980లో ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ చూసి వచ్చిన రాత్రి తరువాత మార్జ్ గర్భవతి అవుతుంది. ఆ సినిమా 1980 మేలో విడుదలైనదే. బార్ట్ 1991కి పదేళ్లవాడు, సరిపోయింది. 1992 డిసెంబరు 3న వచ్చిన ‘లీసాస్ ఫస్ట్ వర్డ్’లో లీసా 1984లో, లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ రోజుల్లో పుడుతుంది. అమెరికా పతకం గెలిచినప్పుడల్లా ఉచితంగా బర్గర్ ఇస్తానని ప్రకటించిన క్రస్టీ అనే విదూషకుడు, సోవియట్ పక్షం ఆ క్రీడలను బహిష్కరించడంతో దివాలా అంచుకు వెళ్లే హాస్యం కూడా నిజంగా జరిగిన బహిష్కరణ మీదే నిలబడింది. 1984 నుంచి 1992కు ఎనిమిది. 1995 జనవరిలో వచ్చిన ‘అండ్ మ్యాగీ మేక్స్ త్రీ’లో కథ 1993. మ్యాగీకి ఒక యేడు, అదీ సరిపోయింది.

నాలుగు ఎపిసోడ్లు, నాలుగు లెక్కలు, ఒక్కటి కూడా తప్పలేదు. పాట విషయంలో ఒక యేడు జారినవారే పిల్లల వయసుల దగ్గర ఇంత జాగ్రత్త పడ్డారు. నేను మొదట ఈ వరుసను కాగితం మీద వేసుకున్నప్పుడు ఎక్కడో ఒకచోట దొరుకుతారని ఎదురు చూశాను, దొరకలేదు.

ఇప్పుడు అదే సూత్రాన్ని 2008కి వర్తింపజేయండి. ‘దట్ నైంటీస్ షో’ ప్రసార తేదీ 2008 జనవరి 27. ఆనాటికీ బార్ట్‌కు పదేళ్లే. అంటే అతడు పుట్టినది 1997 లేదా 1998. అతడు పుట్టకముందు తల్లిదండ్రులు ప్రేమించుకున్న కాలం 1990లే కావాలి, మరొకటి కావడానికి వీల్లేదు. అందుకే మార్జ్ విశ్వవిద్యాలయ పట్టా పిల్లల చేతికి దొరకడం, హోమర్ గ్రంజ్ అనే ఆనాటి రాక్ సంగీతపు బృందం పెట్టడం, నిర్వాణా వంటి బృందాల మీద పేరడీలు రావడం, పేరడీ పాటలకు పేరుపడిన గాయకుడు వియర్డ్ అల్ యాంకోవిక్ వచ్చి హోమర్ పాటకే పేరడీ కట్టడం. ఎపిసోడ్ పేరు సైతం ‘దట్ సెవెంటీస్ షో’ అనే మరొక టీవీ ధారావాహిక మీద చమత్కారం. పాత అభిమానులకు ఇది ద్రోహంగా తోచింది. మనసుకు కష్టంగా ఉండడం నాకూ అర్థమవుతుంది, ఆ శిక్షగదిని పోగొట్టుకోవడం నాకు కూడా ఇష్టం లేదు. లెక్క మాత్రం 1991లో చేసిన లెక్కే. వయసులు కదలనప్పుడు తేదీలు కదలక తప్పదు.

మా ఇంటి సంగతి చెబితే ఇది ఇంకా తేలికగా తెలుస్తుంది. మా ముత్తాత పుట్టినది ఉత్తర ఆర్కాటు జిల్లాలో. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక మా తాత, నాన్న, నేను చిత్తూరు జిల్లాలో పుట్టాము. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కనుక, ఆ తరువాత పుట్టిన మా మనవరాలిది తిరుపతి జిల్లా. ఇల్లు మాత్రం చంద్రగిరిలో ఉన్నచోటనే ఉంది, గుమ్మం కూడా మార్చలేదు. నా పదో తరగతి సర్టిఫికెట్టులో ‘చంద్రగిరి, చిత్తూరు జిల్లా’ అని ఉన్నందుకు అది రాసిన గుమాస్తా తప్పు చేశాడని ఎవరైనా అంటారా? రాసిన రోజున అది నిజం. 1991 ఎపిసోడ్ కూడా అటువంటి సర్టిఫికెట్టే. కాబట్టి ఆ పేజీలో 2008 సంగతి తప్పుగా వేయవద్దు. వేయదలచుకుంటే 2008 పేజీలో, ‘పాత కథకు విరుద్ధం, కారణం వయసులు మారకపోవడం’ అని ఒక పంక్తి రాస్తే చాలు.

అన్ని విరుద్ధాలూ ఇలా మాఫీ అవుతాయని నేను చెప్పడం లేదు. 1997 సెప్టెంబరులో ‘ది ప్రిన్సిపల్ అండ్ ది పాపర్’ అనే ఎపిసోడ్‌లో, ఎనిమిదేళ్లుగా మనకు తెలిసిన బడి ప్రిన్సిపల్ స్కిన్నర్ అసలు స్కిన్నరే కాడని, ఆర్మిన్ టామ్జేరియన్ అనే మరొకడని తేల్చారు. అక్కడ వయసులూ తేదీలూ బలవంతం చేసిందేమీ లేదు. చివర జడ్జి లేచి, అంతా మునుపటిలాగే ఉండాలని, ఈ ఊసు ఇక ఎవరూ ఎత్తకూడదని ఆజ్ఞాపిస్తాడు. తాము కట్టిన గోడను తామే పగలగొట్టి, పగులు కనబడకుండా పటం తగిలించినట్లుంటుంది. దాన్ని చూసినప్పుడు మీ తప్పుల గడి సరిపోదు, పేజీ మొత్తం కావలసి వస్తుంది.

మూడో జవాబు రాసినవారు

చంద్రగిరి వారు చెప్పిన లెక్కకు మా భారతంలో కూడా పోలిక ఉంది. ప్రతి యేడూ దుర్యోధనుడి మట్టిబొమ్మను భీముడు గదతో కొట్టి చంపుతాడు, మరుసటి యేడు అదే మైదానంలో మళ్లీ కొత్త మట్టితో పడుకోబెడతారు. తపస్సు ఘట్టంలో తపసుమాను అనే పొడవాటి మాను ఎక్కే అర్జునుడి వయసు నా చిన్నప్పటి నుంచి మారలేదు, ఎక్కే మనుషులు మాత్రం ముగ్గురు మారారు. చిత్తూరు వారి ‘నమ్మమని పెట్టారు’ అన్న మాట గురించి రెండు రోజులు ఆలోచించాను. పాట విషయంలో నా వాదన కొంత వెనక్కి తీసుకుంటున్నాను, అయితే దాన్ని ప్రస్తావనల గడిలో నుంచి పూర్తిగా తీసేయడానికి ఒప్పుకోను. రెండు గడుల్లోనూ రాయండి.

అడిగినవారు

అందరి జవాబులను నిన్న సాయంత్రం బృందంలో చదివి వినిపించాను. ‘ది హజిల్’, ‘పిక్ అప్ ది పీసెస్’ రెండింటినీ ప్రస్తావనల గడిలో రాసి, తేదీలతో సహా తప్పుల గడిలో కూడా వేశాము. బార్నీ జుట్టును కొట్టేశాము. 2008 విరుద్ధాన్ని ఈ పేజీలో నుంచి తీసి ఆ ఎపిసోడ్‌కు ఒక ఖాళీ పేజీ తెరిచి అక్కడ రాశాము. ఇంకా అది మా వరుసలో రావడానికి చాలా కాలం పడుతుంది.

పలమనేరు వారు చెప్పిన అతికిన చోట్ల కోసం మూడో గడి గీశాము. దానిలో మొదటి పంక్తిగా ‘క్లోజ్ టు యూ, 1991, 2007’ అని మాస్టారే తన దస్తూరీతో రాశారు. గడికి ఏమి పేరు పెట్టాలన్న దగ్గర మళ్లీ మాట తేలలేదు కనుక ప్రస్తుతానికి పైభాగం ఖాళీగానే ఉంది. వచ్చే ఆదివారం ‘ఐ మ్యారీడ్ మార్జ్’ చూస్తున్నాము. చంద్రగిరి వారి లెక్కను పక్కన పెట్టుకొనే కూర్చుంటాము.